చూసొచ్చిన చదువు

2023 జనవరిలో ఢిల్లీ ముఖ్యమంత్రి, ఆయన ఎమ్మెల్యేలు కలిసి లెఫ్టినెంట్ గవర్నర్ నివాసం వైపు నడిచారు. ప్రభుత్వ బడుల టీచర్లను శిక్షణ కోసం ఫిన్లాండ్ పంపే దస్త్రాన్ని ఆపేశారన్నది వాళ్ల ఫిర్యాదు. పెట్టే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందని లెక్కగట్టారా అన్నది అటువైపు నుంచి వచ్చిన ప్రశ్న. ఆ మరుసటి నెలలోనే పంజాబ్ తన ప్రిన్సిపాళ్లను సింగపూర్ పంపింది, 2024లో ప్రాథమిక పాఠశాలల టీచర్లను ఫిన్లాండ్‌లోని తుర్కు నగరానికి పంపింది. పంపాలన్నవాళ్లు చూస్తే చాలు, వస్తుందన్నారు. వద్దన్నవాళ్లు డబ్బు దండగన్నారు. పేరున్న గురువు తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చున్న టీచరు కంటికి అసలు ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నది మాత్రం ఇద్దరూ వదిలేశారు. దానికి జవాబు వెతకాలంటే ఫిన్లాండ్ కంటే న్యూజిలాండ్ మంచి చోటు. చదవడం నేర్పే విద్యలో ఆ చిన్న దేశం దాదాపు రెండు దశాబ్దాలు ప్రపంచ టీచర్లకు పుణ్యక్షేత్రంగా వెలిగింది. యాత్రికులు అక్కడి నుంచి తెచ్చుకున్నది ఏమిటో, అక్కడే వదిలేసి వచ్చింది ఏమిటో ఇప్పుడు తీరిగ్గా చూసుకునే వీలుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. 1970 ప్రాంతంలో జరిగిన అంతర్జాతీయ అధ్యయనంలో, చదివి అర్థం చేసుకోవడంలో 14 ఏళ్ల పిల్లల విభాగంలో న్యూజిలాండ్ మొదటి స్థానంలో నిలిచింది. 1907 నుంచి అక్కడి ప్రభుత్వమే పిల్లల కోసం ‘స్కూల్ జర్నల్’ అచ్చువేసి బడులకు ఇస్తోంది. 1963లో ‘రెడీ టు రీడ్’ అనే చిన్న చిన్న కథల పుస్తకాల వరుసను కూడా ప్రభుత్వమే తెచ్చింది. అదే ఏడాది సిల్వియా ఆష్టన్ వార్నర్ రాసిన ‘టీచర్’ పుస్తకం వెలువడి దేశదేశాల్లో చదివించుకుంది. మావోరి పిల్లలకు పాఠం చెప్పిన ఆమె, పరాయి వాచకంలోని మాటలు పక్కన పెట్టి, పిల్లవాడి మనసులో మెదిలే మాటనే అట్టముక్క మీద రాసి వాడి చేతికిచ్చేది. దెయ్యం, ముద్దు లాంటి మాటలన్నమాట. ఆ తర్వాత డాన్ హోల్డవే, ఆక్లాండ్‌లోని సహచర టీచర్లు ‘బిగ్ బుక్’ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అమ్మ ఒళ్లో కూర్చుని కథ వినే పిల్లవాడు పుస్తకంలోని అక్షరాలనూ చూస్తాడు. అదే అవకాశం ముప్పై మందికి ఒకేసారి దక్కాలంటే పుస్తకమే పెద్దది కావాలి. అందుకని కథను పెద్ద కాగితాల మీద దూరానికి కనబడేంత అక్షరాలతో రాసి, టీచరు పుల్లతో చూపిస్తూ చదివేవారు. ఇక మేరీ క్లే 1960లలో ఆక్లాండ్‌లో కొత్తగా బడిలో చేరిన 100 మంది పిల్లలను ఏడాది పొడవునా వారం వారం గమనించి డాక్టరేట్ సిద్ధాంతం రాసింది. వెనకబడిన ఆరేళ్ల పిల్లలకు ఒక్కొక్కరికీ విడిగా రోజుకు అరగంట చొప్పున 12 నుంచి 20 వారాలు చదివించే ‘రీడింగ్ రికవరీ’ దాంట్లోంచే పుట్టింది. 1980లలో అది న్యూజిలాండ్ అంతటా వ్యాపించింది. 1984లో క్లే స్వయంగా ఒహాయో వెళ్లి అమెరికాలో దానికి నారు పోసింది. ఆ దశాబ్దమంతా అమెరికా టీచర్లు న్యూజిలాండ్‌కు ప్రయాణం కట్టారు. 1991 చివర్లో న్యూస్‌వీక్ పత్రిక ప్రపంచంలో మేటి బడులను ఏరినప్పుడు చదవడం నేర్పడంలో న్యూజిలాండ్‌నే ఎంచుకుంది.

ఆ రోజుల్లో అక్కడికి వెళ్లినవాళ్లకు ముందుగా కనిపించేది గదిలోని సందడి. గోడల నిండా పిల్లల రాతలు, చేతికందే ఎత్తులో పుస్తకాల బుట్టలు, చాప మీద టీచరు చుట్టూ మూగిన పిల్లలు. ఆ పిల్లలంతా ఒకే రోజున బడిలో చేరినవాళ్లు కారు. అక్కడ ఐదో పుట్టినరోజు రాగానే ఒక్కొక్కరుగా చేరతారు. ఆక్లాండ్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలను జూన్‌లో బడి తెరవడానికి అలవాటుపడ్డ తాతయ్యలు, అమ్మమ్మలు వింతగా అడిగే సంగతుల్లో ఇదొకటి. అంతకంటే ఆకట్టుకునేది టీచరు పక్కన కూర్చుని చదువుతున్న పిల్లవాడు. టీచరు చేతిలో ఒక కాగితం ఉంటుంది. పిల్లవాడు సరిగ్గా చదివిన ప్రతి మాటకూ ఒక టిక్కు పెడుతుంది. ఒక మాటకు బదులు మరో మాట చదివితే దాన్ని పైన రాసి, అసలు మాటను గీత కింద రాస్తుంది. తనంతట తాను దిద్దుకుంటే దానికో గుర్తు, వెనక్కి వెళ్లి మళ్లీ చదివితే దానికో గుర్తు. నూరు మాటల్లో 95కు పైగా సరిగ్గా చదివితే ఆ పుస్తకం వాడికి తేలిక. 90కి తగ్గితే బరువు, పక్కన పెట్టాలి. మార్కుల కోసం పెట్టే పరీక్ష కాదిది, రేపు ఈ పిల్లవాడి చేతికి ఏ పుస్తకం ఇవ్వాలో తేల్చుకునే పని. ఇంత నిదానంగా ఒక్క పిల్లవాడి నోటి వైపు చూడటం మన బడుల్లో తనిఖీ అధికారి వచ్చిన రోజున కూడా జరగదు.

ఐతే యాత్రికులు ఎక్కువగా మూటగట్టుకొచ్చింది ఈ చూపును కాదు, దాని వెనకున్న సిద్ధాంతాన్ని. పిల్లవాడు తెలియని మాట దగ్గర ఆగితే అర్థం పొసుగుతుందా, వాక్యం నప్పుతుందా, బొమ్మ ఏం చెబుతోంది, మొదటి అక్షరం ఏమిటి అని ఆలోచించి మాటను పట్టుకోవాలన్నది దాని సారం. అక్షరాలను వరుసగా కూడబలుక్కోవడం అక్కడ చివరి దారి. 1967లోనే అమెరికాలో కెన్ గుడ్‌మన్ చదవడాన్ని ఒక రకం ఊహల ఆటగా వర్ణించి ఉన్నాడు కాబట్టి ఈ విత్తనానికి అక్కడ నేల ముందే సిద్ధంగా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మరోవైపు లెక్కలు తారుమారవుతున్నాయి. నేర్పరులైన పాఠకులు సందర్భాన్ని బట్టి ఊహిస్తారని రుజువు చేద్దామని మొదలుపెట్టిన కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్‌లకు 1970లలో తేలింది ఇందుకు విరుద్ధం. బాగా చదివేవాళ్లు అక్షరాలను బట్టే చటుక్కున మాటను పట్టేస్తున్నారు. సందర్భాన్ని ఊతకర్రగా పట్టుకుంటున్నది చదవలేనివాళ్లు. అంటే వెనకబడ్డ పిల్లలను ఆదుకోవడానికి పెట్టిన కార్యక్రమం, వెనకబడ్డ పిల్లల అలవాటునే వాళ్లకు పాఠంగా చెబుతోందన్నమాట.

దాని ఫలితం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. సగటు బాగున్నప్పుడు కూడా న్యూజిలాండ్‌లో బాగా చదివే పిల్లలకూ చదవలేని పిల్లలకూ మధ్య దూరం మిగతా సంపన్న దేశాల కంటే ఎక్కువే. అడుగున మిగిలిపోయినవాళ్లలో మావోరి, పసిఫిక్ దీవుల పిల్లలు ఎక్కువ. అంతర్జాతీయ పఠన పరీక్షలో ఆ దేశపు సగటు 2001లో 529. అది 2016కల్లా 523కు జారి, 50 దేశాల్లో 33వ స్థానం దక్కింది. 2021లో 521. మాసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు విలియం టన్మర్, జేమ్స్ చాప్‌మన్ 2013లో, జాతీయ అక్షరాస్యతా వ్యూహం విఫలమైందని శీర్షికలోనే చెప్పేసే నివేదిక రాశారు. చివరికి 2025 విద్యా సంవత్సరం మొదలుకొని అక్షరాల ధ్వనులను క్రమంగా నేర్పే పద్ధతిని ప్రభుత్వం తప్పనిసరి చేసి, రీడింగ్ రికవరీకి ఇచ్చే నిధులు ఆపేసింది. అమెరికాలో ఆ పద్ధతికి గడప అయిన ఒహాయో రాష్ట్రమే 2023లో మాటలను ఊహించి చదివించే బోధనను చట్టం చేసి నిషేధించింది. న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. రీడింగ్ రికవరీ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో మొదటి తరగతి ముగిసేసరికి పిల్లలు బాగా ముందుకెళ్లిన మాట నిజం. ఆ అధ్యయనం చేసిన పరిశోధకుడు హెన్రీ మే 2022లో బయటపెట్టిన కొనసాగింపులో మాత్రం, మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి వాళ్లు తోటివారికంటే వెనకే ఉన్నారు. మధ్యలో చాలామంది పిల్లల లెక్క దొరకలేదన్న అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేయదగ్గదీ కాదు. అయినా ఆరేళ్లకు నిలబడ్డ లాభం తొమ్మిదేళ్లకు ఎందుకు కరిగిందో ఊహించడం కష్టం కాదు. మూడో తరగతి పుస్తకంలో బొమ్మలు తగ్గిపోతాయి, ఊహకు ఆసరా ఉండదు.

ఇంతమంది అనుభవజ్ఞులు వెళ్లారు, చూశారు, మెచ్చుకున్నారు. లోపం ఎవరి కంటా ఎందుకు పడలేదు? నా జవాబు ఇది: ఆ గదిలో అది లోపంగా కనిపించే అవకాశమే లేదు. చూపించే పాఠంలో ఉండేది ఆరేళ్ల పిల్లవాడు, పేజీకి ఒకే వాక్యం ఉన్న పుస్తకం, ఆ వాక్యాన్ని సగం చెప్పేసే బొమ్మ. అక్కడ ఊహించినవాడూ చదివినవాడూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరిలో ఎవరు చదవలేకపోతున్నారో తేలేది ఇంకో మూడేళ్లకు, మరో బడిలో, ఏ యాత్రికుడూ తొంగిచూడని గదిలో. అతిథులను తీసుకెళ్లేది మంచి బడికి, అందులో మంచి టీచరు దగ్గరికి, ఆ పూటకు హుషారుగా ఉన్న పిల్లల మధ్యకు. దాన్ని తప్పుపట్టలేం, చుట్టాలొస్తే మనమూ ముందు గదే చూపిస్తాం. పైగా వెళ్లినవాడు గురువు పుస్తకాలు చదివి, ఆమెను తలచుకుంటూ వేల మైళ్లు వచ్చినవాడు. చూస్తున్నది నిజమా అని కాదు, ఇది మా ఊళ్లో ఎలా చెయ్యాలి అన్నదే వాడి మనసులో తిరుగుతుంది. అభిమానం ఉన్నచోట అడగాల్సిన మొదటి ప్రశ్న రెండోదైపోతుంది.

ఈ జబ్బు న్యూజిలాండ్‌తో పుట్టింది కాదు. మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి హొరేస్ మాన్ 1843 మే 1న పెళ్లిచేసుకుని, అదే రోజు కొత్త భార్యతో ఓడెక్కి యూరప్ బడులు చూడటానికి బయలుదేరాడు. ప్రష్యా, శాక్సనీ బడులు ఆయన్ను మంత్రముగ్ధుణ్ణి చేశాయి. అన్ని వారాల్లో కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే టీచరు ఒక్కడూ కనబడలేదని, దెబ్బ తిన్న పిల్లవాడు ఒక్కడూ కనబడలేదని తన ఏడో వార్షిక నివేదికలో రాశాడు. ఆ నివేదికలోనే ఒక పాఠం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. టీచరు నల్లబల్ల మీద ఇల్లు బొమ్మ గీసి, దాని పేరు చేతిరాతలోనూ అచ్చక్షరాల్లోనూ రాసి, ఒక్కో అక్షరం పలికే ధ్వనిని పిల్లల చేత పలికించాడు. దాన్ని చూపించి, అమెరికా బడుల్లో అక్షరాల పేర్లు వల్లెవేయించే తీరును మాన్ ఎండగట్టాడు. అప్పటికే ఆయన అక్షరాలకంటే మొత్తం పదాన్ని ముందు గుర్తుపట్టించాలన్న పక్షంలో ఉన్నాడు. చూసింది ధ్వనులతో నేర్పే పాఠం, ఇంటికొచ్చాక బలం చేకూరింది ఆయన ముందే నమ్మిన మాటకు. బోస్టన్‌లో 31 మంది ప్రధానోపాధ్యాయులు కలిసి 1844లో నూటనలభై పేజీలకు పైగా జవాబు అచ్చువేశారు. వాళ్లలో కొందరికి బెత్తం పోతుందన్న బెంగ ఉన్నమాట నిజమే కానీ, చదవడం నేర్పే విషయంలో వాళ్లడిగిన ప్రశ్నలు ఇప్పటికీ పాతబడలేదు.

అలాగైతే వెళ్లనేవద్దా, పరిశోధనలు చదువుకుంటే సరిపోదా, వీడియోలున్నాయి కదా అనొచ్చు. సరిపోదు. చదవడం నేర్పడం చేతిలో ఉండే విద్య. పిల్లవాడు తడబడ్డాక టీచరు ఎన్ని క్షణాలు ఆగిందో, ఏ తప్పును పోనిచ్చిందో, ఏ తప్పు దగ్గర ఆపిందో పరిశోధనా పత్రంలో దొరకదు, వీడియోలో కెమెరా ఎటు తిరిగితే అదే దొరుకుతుంది. న్యూజిలాండ్‌లోనే ఇందుకు సాక్ష్యం ఉంది, విచిత్రంగా రీడింగ్ రికవరీలోనే. దాని శిక్షణ ఏడాది పొడవునా సాగేది. ఒక గదిలో టీచరు పిల్లవాడికి పాఠం చెబుతుంది. అటునుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక మిగతా టీచర్లు కూర్చుని, పాఠం నడుస్తుండగానే గట్టిగా చర్చించుకుంటారు. ఇప్పుడు ఎందుకు ఆగింది, ఆ మాట ఎందుకు చెప్పేసింది, నువ్వైతే ఏం చేసేదానివి అని శిక్షకురాలు వాళ్లను గుచ్చి గుచ్చి అడుగుతుంది. తర్వాతి వారం ఆ కూర్చున్నవాళ్లలో ఒకరు అద్దం ముందుకు వెళ్లాలి. సిద్ధాంతం తప్పైనా ఈ అద్దం తప్పు కాదు. ధ్వనులు నేర్పే పద్ధతికీ, మన గుణింతాలకూ అది అంతే పనికొస్తుంది. ఊహించి చదవమన్న సూత్రం కాగితం మీద ఇమిడేది, సులువుగా అచ్చైంది, అమ్ముడుపోయింది. అద్దానికి గది కావాలి, ఏడాది కావాలి, తోటివాళ్ల ముందు తడబడే ధైర్యం కావాలి. అందుకే మొదటిది ప్రపంచమంతా తిరిగింది, రెండోది ఆ కార్యక్రమం గోడలు దాటలేదు.

ఇంగ్లీషు చదవడం నేర్పేవాళ్ల గొడవ మనకెందుకు, మన లిపి వేరు కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఇది మాత్రం బరువైనదే. ఇంగ్లీషులో 26 అక్షరాలు తొందరగా వస్తాయి, వాటి పలుకుబడే పదాన్ని బట్టి మారిపోతూ ఏడిపిస్తుంది. మనకు పలుకుబడి నిలకడగా ఉంటుంది, అక్షరాలే వందల రూపాలెత్తుతాయి. గుణింతాలు, వత్తులు, ఒకదాని కింద ఒకటి. తెలుగుకు తోబుట్టువులాంటి లిపి ఉన్న కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధన, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతులు దాదాపు మొత్తం పడుతుందని చూపింది. కాబట్టి అక్కడి పద్ధతి ఏదైనా, ఊహించేదైనా ధ్వనులదైనా, యథాతథంగా ఇక్కడ నాటడం కుదరదు. కానీ పిల్లవాడి తప్పును రాసిపెట్టే అలవాటు లిపికి అతీతం. మూడో తరగతి పిల్లవాడు ‘వస్తున్నాడు’ అన్న మాటను ‘వస్తునాడు’ అని చదివితే ఇంగ్లీషు పద్ధతి ప్రకారం అది ఒక్క తప్పు, అంతే. మన టీచరుకు కావలసింది అంతకంటే లోతైన లెక్క. ‘స’ కింద తవత్తు వాడికి వచ్చింది, ‘న’ కింద నవత్తు రాలేదు. అది చూపు జారడమా, ఆ వత్తే తెలియదా? మాటకో టిక్కు కాకుండా అక్షరానికో టిక్కు పెట్టే కాగితం మనం తయారుచేసుకోవాలి. మన దగ్గర ఊహించి చదవడానికి ఇంకో రూపం కూడా ఉంది. తరగతి మొత్తం గొంతు కలిపి పాఠం అప్పజెబుతుంది, వేలు పంక్తి మీద నడుస్తుంది, కళ్లు మాత్రం కిటికీ వైపు. ఇంటింటికీ వెళ్లి ముందెప్పుడూ చూడని పేరా చేతికిచ్చి చదవమనే ‘అసర్’ సర్వే 2005 నుంచి మన గుండెల్లో రాయి వేస్తున్నది ఇందుకే. కంఠతా వచ్చిన పాఠం అక్కడ అక్కరకు రాదు.

గురువులనే ఇక్కడికి పిలిపించుకుంటే ఖర్చు తగ్గుతుందిగా అనేవాళ్లకు మద్రాసు అనుభవం గుర్తుచేయాలి. మరియా మాంటిస్సోరి 1939లో అడయారు వచ్చింది. యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి దేశవ్యాప్తంగా వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అంతకంటే దగ్గరగా గురువు దొరకడం అసాధ్యం. ఆమె పేరిప్పుడు తెలుగునాట ప్రతి పట్టణంలో ఏదో ఒక బడి బోర్డు మీద ఉంది. లోపలికి వెళ్తే బెంచీలు, డైరీలు, యూకేజీకి హోంవర్కు. వేళ్లతో తడిమి నేర్చుకునే గరుకు కాగితపు అక్షరాలు ఉన్న బడిని వెతికి పట్టుకోవాల్సిందే. నిజంగా ఆమె దారిలో నడిచే కొద్ది బడులూ ఫీజు కట్టగలిగినవాళ్లకే అందుతాయి. మనిషిని పిలిపించినా, మనం వెళ్లినా తేడా లేదు. తేలికగా దిగుమతి అయ్యేది బోర్డు ఒక్కటే.

ఖర్చు సంగతికొస్తే, డెబ్బై ఎనభై మందిని వారం రోజులు తిప్పుకురావడం మీద నాకు ఏ గౌరవమూ లేదు. అందులో సగం ఫొటోలకు పోతుంది. అదే డబ్బుతో ఎనిమిది మందిని రెండు నెలలు పంపితే వాదించుకోవచ్చు. వాళ్లు ఒకే బడిలో ఉండాలి, పేరున్న బడి పక్కనున్న పేరులేని బడిని కూడా చూడాలి, ఒకే తరగతిలో వెనకబడ్డ నలుగురు పిల్లల వెంట పడాలి. ఆ బడి మూడేళ్ల కిందటి మొదటి తరగతి పిల్లల రికార్డు అడగాలి: ఎంతమంది చదవగలిగారు, చదవలేనివాళ్లు ఇప్పుడెక్కడున్నారు? అతిథిగా వెళ్లి అంత మాట ఎలా అడుగుతామని మొహమాటపడేవాళ్లు మేరీ క్లేనే తలచుకోవచ్చు. ఎవరి మాటా నమ్మకుండా నూరుమంది పిల్లల వెంట ఏడాది తిరిగిన మనిషి ఆమె. ఆమె నుంచి తెచ్చుకోవాల్సింది ఆమె తీర్పు కాదు, ఆ తిరుగుడు.

ఎక్కడికి అన్నదానికి కూడా సంపన్న దేశాల జాబితాను దాటి ఆలోచించవచ్చు. బ్రెజిల్‌లో సియారా రాష్ట్రపు సొబ్రాల్ పేదలున్న ఊరే. బడుల నాణ్యతను కొలిచే జాతీయ సూచీలో 2005లో 4.0 ఉన్న ఆ ఊరు 2017కల్లా 9.1కి చేరి దేశంలోనే ముందు నిలిచింది. అక్కడ తరగతి గదిలో కళ్లు చెదిరే వింతలేం ఉండవు. పిల్లలు చదవగలుగుతున్నారో లేదో పురపాలక సంఘం తానే క్రమం తప్పకుండా పరీక్షిస్తుంది, ప్రధానోపాధ్యాయుణ్ణి ప్రతిభ చూసి నియమిస్తుంది, రాష్ట్రం పన్నుల్లో వాటా పంచేటప్పుడు చదువు ఫలితాలను లెక్కలోకి తీసుకుంటుంది. మన మండల విద్యాధికారి చూసి రావలసింది అక్కడి కార్యాలయం. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఫిన్లాండ్, సింగపూర్ ప్రయాణాలు మన టీచర్లను విద్యా సంవత్సరం మధ్యలో సొంత తరగతి వదిలి వెళ్లేలా చేశాయి, అలా వెళ్లిన రోజుల్లో ఇక్కడి పిల్లలకు పాఠం ఉండదు. న్యూజిలాండ్‌లోనూ బ్రెజిల్‌లోనూ విద్యా సంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. ఏప్రిల్ చివర మన బడులకు తాళం పడేసరికి అక్కడ తరగతులు జోరుమీద ఉంటాయి, జూన్ రెండో వారంలో ఇక్కడ గంట కొట్టేదాకా అవి ఆగవు.